‘అమాయకత్వం’ అనే తిట్టు

మస్తానమ్మ గురించి తెలుగులో ఎవరు రాసినా రెండో పేరాకల్లా ‘అమాయకపు నవ్వు’ వచ్చేస్తుంది. ‘కల్మషం లేని పల్లె మనసు’ ఇంకో రెండు వాక్యాల అవతల కాచుక్కూచుని ఉంటుంది. ఆ మాటలు కనపడినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. అవి రాసినవాళ్లలో నేనూ ఒకణ్ణి కాబట్టి ఇంకాస్త ఎక్కువ మండుతుంది.

2018 డిసెంబర్ మొదట్లో ఆవిడ పోయినప్పుడు నేనూ ఫేస్‌బుక్‌లో ఓ పోస్టు పెట్టా. ‘మట్టి మనిషి’ అన్నా. ‘మా మామ్మ గుర్తొచ్చింది’ అన్నా. మా మామ్మ భవానీపురం హౌసింగ్ బోర్డు కాలనీలో గ్యాస్ పొయ్యి మీద తప్ప వండి ఎరగదు, కోడిని కొయ్యడం చూస్తే ఆవిడకి కళ్లు తిరుగుతాయి. అయినా గుర్తొచ్చిందని రాసేశా. మూడొందల మంది లైక్ కొట్టారు. వాళ్ల మామ్మల సంగతీ ఇంతే అయి ఉంటుంది.

మరీ చిన్నవాళ్లకి కాస్త వెనక్కి వెళ్లి చెప్పాలి. కర్రె మస్తానమ్మది గుడివాడ. మన బస్టాండులో కండక్టర్లు కేకలేసే గుడివాడ కాదు, తెనాలి దగ్గర పల్లె గుడివాడ. 2016లో ఆవిడ మునిమనవడు లక్ష్మణ్, అతని స్నేహితుడు శ్రీనాథ్ రెడ్డి కలిసి ‘కంట్రీ ఫుడ్స్’ అని యూట్యూబ్ ఛానెల్ పెట్టారు. మామ్మ వంకాయ కూర వండుతుంటే తీసి పెట్టారు. జనం విరగబడి చూశారు. అప్పటికి ఆవిడ వయసు నూట ఐదు అన్నారు, తర్వాత నూట ఆరు అన్నారు. పోయేనాటికి ఛానెల్‌కి పన్నెండు లక్షల పైగా సబ్‌స్క్రైబర్లు. అందులో తెలుగు ముక్క రానివాళ్లు ఎంతోమంది. ఆవిడ చనిపోతే విదేశీ పత్రికలు కూడా రాశాయి. పదకొండేళ్లకి పెళ్లి, ఇరవై రెండేళ్లకి భర్త పోవడం, కూలి చేసి పిల్లల్ని పెంచడం, ఇవన్నీ ఆ వార్తల్లో ఒక్కో లైను.

ఇప్పుడు పుచ్చకాయ చికెన్ దగ్గరికి వద్దాం. ఆవిడ పేరు చెప్పగానే ఎవరైనా అడిగేది అదే. పుచ్చకాయ పైన మూత కోసి, లోపలి గుజ్జు తీసేసి, మసాలా పట్టించిన కోడిముక్కలు అందులో పోసి, మళ్లీ మూత పెట్టి నిప్పుల మీద పెట్టిన వీడియో. దాని కింద వేల కామెంట్లు: ‘ప్రాచీన వంటకం’, ‘మన పూర్వీకుల తిండి’, ‘ఇదీ అసలు పల్లె రుచి’.

అయ్యా, తెనాలి పక్క ఏ పల్లెలో, ఏ కాలంలో, ఏ కూలి ఇంట్లో పుచ్చకాయలో కోడి వండుకున్నారో చెప్పండి. కోడి దొరకడమే పండగ. దాన్ని తీసుకెళ్లి పుచ్చకాయలో పోస్తారా? ఆ వంట కెమెరా కోసం పుట్టింది. ఈము గుడ్డు అట్టూ అంతే, కేఎఫ్‌సీ తరహా కోడి వేపుడూ అంతే. అవి పూర్వీకుల వంటలు కావు, షో. నూరేళ్లు దాటిన మనిషి, జీవితంలో ఎప్పుడూ వండని వంటకాన్ని, ముందో కెమెరా పెట్టుకుని, ఏమాత్రం తడబడకుండా, అల్లం తొక్క గోళ్లతో గీరుతూ, మంట ఎగదోస్తూ, తనకి ఇది చిన్నప్పటి నుంచీ అలవాటే అన్నంత ధీమాగా చేసి చూపించింది. దాన్ని అమాయకత్వం అంటారా? మా ఊళ్లో దాన్ని పనితనం అంటారు.

‘అయితే ఆవిడ నటించింది అంటావా?’ అని ఒక మిత్రుడు ఫోన్ చేసి మరీ కోప్పడ్డాడు. అదే నా బాధ. నటన అనగానే మోసం అనుకుంటాం. సావిత్రి నటిస్తే మహానటి, కూలి చేసుకున్న ముసలావిడ నటిస్తే మోసం! అందుకని ఆవిడకి నటన అంటగట్టకుండా కాపాడుతున్నాం అనుకుంటూ, ఆవిడ చేసిన పనినే కాజేస్తున్నాం. తెలిసి చేసిందంటే ఆవిడకి వాటా ఇవ్వాలి. తెలియక చేసిందంటే మనకి ముద్దొచ్చింది అంటే చాలు.

ఈ సంగతి నాకు మస్తానమ్మని చూసి తెలియలేదు. సిగ్గుపడుతూనే చెప్తున్నా, ఒక అమెరికన్ సినిమా చూసి తెలిసింది.

1975 నాటి ‘గ్రే గార్డెన్స్’ చూడనివాళ్లు ఎక్కడైనా పట్టుకుని చూడండి. ఈస్ట్ హాంప్టన్ అనే డబ్బున్నవాళ్ల ఊళ్లో సముద్రం దగ్గర పాడుబడ్డ బంగళా. అందులో తల్లీ కూతుళ్లు, ఇద్దరి పేరూ ఈడితే. తల్లి జాక్వెలిన్ కెనెడీకి మేనత్త. ఇంటినిండా పిల్లులు, అటక మీద రకూన్లు, గదుల్లో చెత్త. 1971లో ఆరోగ్యశాఖ వాళ్లు సోదాకొచ్చారు, పేపర్లు పండగ చేసుకున్నాయి, చివరికి జాక్వెలినే డబ్బిచ్చి బాగు చేయించింది. ఆ సమయంలో మేజల్స్ సోదరులు కెమెరా పట్టుకుని వచ్చారు. వాళ్లు అసలు వచ్చింది వేరే సినిమా కోసం. జాక్వెలిన్ చెల్లెలు లీ రాడ్జివిల్ తన చిన్ననాటి జ్ఞాపకాల మీద తీయించుకుందామనుకున్న సినిమా అది. ఆ పనిమీదే ఈ తల్లీకూతుళ్లు తారసపడ్డారు. అంతే, లీ సినిమా అటకెక్కింది. ఈ ఇద్దరూ మొత్తం ఫ్రేమ్ ఆక్రమించేశారు.

కూతురికి అప్పటికి యాభై ఆరో యాభై ఏడో. జుట్టు రాలిపోయింది, అది కనపడకుండా తల చుట్టూ రోజుకో గుడ్డ, దానికో బ్రోచ్. స్కర్టు తలకిందులుగా కట్టుకుంటుంది. మొదట్లోనే కెమెరా ముందు నిలబడి, ఆ రోజు తాను వేసుకున్న బట్టల తర్కం విడమరిచి చెప్తుంది: ఏది దేని కింద వేసుకుంటే మంచిది, కావాలంటే ఆ స్కర్టే తీసి భుజాల మీద ఎలా కప్పుకోవచ్చు అని. ఓ ప్రొఫెసర్ పాఠం చెప్పినట్టు చెప్తుంది. తర్వాత ఓ చిన్న జెండా పట్టుకుని హాల్లో కవాతు పాటకి డాన్సు చేస్తుంది. సినిమా తీసేవాళ్లతో గొడవ పడుతుంది, సరసమాడుతుంది, తల్లి మీద చాడీలు చెప్తుంది. కెమెరా ఉందన్న సంగతి ఒక్క క్షణం కూడా మర్చిపోదు.

సినిమా రాగానే పెద్దమనుషులు తిట్టారు. మతి సరిగా లేని ఆడవాళ్లని బజారులో పెట్టారన్నారు. మంచి ఉద్దేశంతోనే అన్నారు, కాదనను. కానీ ఈడీ మాత్రం సినిమాని చివరిదాకా వెనకేసుకొచ్చింది. తల్లి 1977లో పోయింది. మరుసటేడు, అరవై ఏళ్ల వయసులో, న్యూయార్క్ క్లబ్బులో స్టేజీ ఎక్కి పాడింది. ఎప్పటి నుంచో అదే కోరిక. 2002లో పోయింది. ఆ తర్వాత 2006లో బ్రాడ్వే మీద మ్యూజికల్, 2009లో డ్రూ బారీమోర్, జెస్సికా లాంగ్‌లతో టీవీ సినిమా. 2010లో అమెరికన్ జాతీయ సినిమా జాబితాకి ఆ డాక్యుమెంటరీ ఎక్కింది. ఈలోపు ఆడవేషం కట్టే కళాకారులు ఆవిడ తలగుడ్డలు కట్టారు, ఆవిడ యాసలో మాట్లాడారు, ఫ్యాషన్ డిజైనర్లు ఆవిడ బట్టల తర్కాన్ని దొంగిలించారు.

యాభై ఏళ్లు! ఎందుకు నిలబడింది? వింత మనిషి కాబట్టా? వింత మనుషులకి ఎక్కడా కొదవ లేదు. వింత ఓ వారం నిలుస్తుంది, మహా అయితే ఓ పండగ సీజన్. ఈడీ నిలబడింది తనని చూసినవాళ్లు ఆవిడ చేసింది తామూ చెయ్యాలనుకున్నారు కాబట్టి. తలగుడ్డ ఎలా కట్టాలో నేర్చుకున్నారు. లోకం పనికిరాదని పక్కన పడేసిన చోట ఎంత డాబుగా బతకొచ్చో నేర్చుకున్నారు. ముఖ్యంగా, ఇంట్లోంచి గెంటేయబడ్డ గే కుర్రాళ్లకి ఆ సినిమా పాఠ్యపుస్తకం అయింది. వాళ్లు దాన్ని మొదట్నుంచి చివరిదాకా, డైలాగు డైలాగుతో సహా, అప్పజెప్పగలరు. కల్ట్ అంటే అదీ. భక్తులు స్తోత్రం మొత్తం కంఠస్థం చేస్తారు కదా, అలాగ.

మనం చేసేది స్తోత్రం కాదు, స్టికర్.

వాట్సాప్ తెరిచి చూసుకోండి. బ్రహ్మానందం గారి పక్కనే నిజం మనుషులు ఎంతమంది ఉన్నారో. ఎక్కడో ఎవరో పెద్దాయన మైకు ముందు తడబడ్డాడు, ఎవరో అమ్మాయి రోడ్డు మీద ఏడుస్తూ ఒక మాట అంది, ఆ మూడు సెకన్లు కత్తిరించి గ్రూపుల్లో తిప్పుతున్నాం. బ్రహ్మానందానికి ఆ ముఖం పెట్టినందుకు పారితోషికం ముట్టింది. ఈ పెద్దాయనకి ఏం ముట్టింది? వాళ్ల ఊళ్లో వాళ్లు ఆ మాటతోనే పిలుస్తుంటారు, అంతే.

కుమారి ఆంటీ విషయంలో ఏమైందో అందరం చూశాం. హైటెక్ సిటీలో రోడ్డు పక్క ఏళ్ల తరబడి అన్నం అమ్ముకుంటున్న మనిషి. వెయ్యి రూపాయల బిల్లు, రెండు లివర్లు ఎక్స్‌ట్రా అని కస్టమర్‌కి లెక్క చెప్పింది. లెక్క! అందులో నవ్వడానికి ఏముందో ఇప్పటికీ నాకు అర్థం కాదు, కానీ నేనూ నవ్వా, ఫార్వర్డ్ కూడా చేశా. జనం ఎగబడ్డారు, ట్రాఫిక్ ఆగింది, 2024 జనవరి చివర్లో పోలీసులు బండి తీయించారు, ముఖ్యమంత్రి జోక్యం చేసుకుంటే తప్ప మళ్లీ పెట్టుకోలేకపోయింది. రీల్స్ తీసినవాళ్లలో ఒక్కడి బండైనా ఆగిందా? అంతమంది చూపించింది ఆ ఒక్క వాక్యం. తెల్లారకుండా లేచి అన్ని రకాల కూరలు, అంతమందికి సరిపడా, ఎలా వండుతుందో, ఎక్కడ సరుకు కొంటుందో, ఏం మిగులుతుందో ఎంతమంది అడిగారు?

గంగవ్వని చూసినప్పుడు మాత్రం నాకు కాస్త ధైర్యం. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి ‘మై విలేజ్ షో’లో నటించి, సినిమాలు చేసి, 2020లో బిగ్‌బాస్‌కి వెళ్లి, ఒంట్లో బాగోక మధ్యలో వచ్చేసి, నాగార్జున సాయంతో ఇల్లు కట్టుకుని, మళ్లీ 2024లో అదే ఇంట్లోకి వెళ్లిన మనిషి. ఆవిడ విషయంలోనూ ‘పాపం అవ్వ’ అనడం మానలేదు మనం. కానీ ఆవిడ తిట్టు వేసే టైమింగ్ చూడండి. మన కామెడీ నటుల్లో సగం మందికి ఆ టైమింగ్ లేదు. పాపం ఏమిటి పాపం, ఆవిడ సీనియర్ ఆర్టిస్టు.

సాహిత్యం చదివే మనం ఇందులో అతీతులం అనుకోకండి. మన కథల్లో ఊరికో పిచ్చోడు ఉంటాడు. కథంతా రావి చెట్టు కింద కూచుంటాడు, చివరి పేరాలో లేచి సత్యం చెప్తాడు. అదొక్కటే అతని ఉద్యోగం. తిన్నాడా, ఎక్కడ పడుకుంటాడు, ఎవరికి కోపం తెప్పించాడు, రచయితకి అక్కర్లేదు. స్టికర్లు వాట్సాప్ కంటే ముందు మన కథల్లోనే పుట్టాయి.

సరే, ఇంతదాకా ఊళ్లోవాళ్లని తిట్టా. ఇక నా సంగతి.

2019 వేసవి. మా భవానీపురంలో పున్నమి ఘాట్ దగ్గర సాయంత్రాలు ఒక పెద్దాయన ఉండేవాడు. విజయవాడ స్టేషన్‌లో టీ క్యాన్ పట్టుకుని ముప్ఫై ఏళ్లు తిరిగిన మనిషి. భవానీ ద్వీపం నుంచి పడవ వస్తుంటే లేచి నిలబడి, చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని, అచ్చం రైల్వే స్టేషన్లో ఆడగొంతులాగా: “దయచేసి వినండి. భవానీ ద్వీపం నుండి వచ్చు పడవ మరికొద్ది సేపట్లో ఒకటవ నంబరు మెట్టు మీదకు రానున్నది.” ఆ తర్వాత స్టేషన్లు. కృష్ణా కెనాల్, కొలనుకొండ, పెదవడ్లపూడి, చిలువూరు, దుగ్గిరాల, కొలకలూరు, తెనాలి. ఒక్కటి తప్పేవాడు కాదు. చివర్లో ముక్కుతో టింగ్ టింగ్ టింగ్.

నేను ఫోన్లో తీశా. మొత్తం మూడు నిమిషాల పైన వచ్చింది. నలభై సెకన్లకి కత్తిరించి, ‘భవానీపురం రైల్వే జంక్షన్’ అని పేరు పెట్టి వదిలా. వారంలో బెజవాడంతా తిరిగింది. మా ఆఫీసులో వాళ్లు నాకే పంపించారు, ‘మీ ఏరియానే కదా’ అని. నాకు ఎంత గర్వమో.

రెండు వారాల్లో ఘాట్ దగ్గర కుర్రాళ్లు మూగడం మొదలైంది. ‘తాతా, పినాకిని ఎన్నింటికి?’ ‘తాతా, ఆర్‌ఏసీ కన్ఫర్మ్ అవుతుందా?’ ఎవడో ఈల తెచ్చి మెళ్లో వేశాడు. ఇంకెవడో ఎర్రగుడ్డ చేతిలో పెట్టి ఊపమన్నాడు. ఆయన కొన్నాళ్లు నవ్వాడు. తర్వాత చేత్తో కొట్టబోయాడు, అది కూడా వీడియో అయింది, నా దానికంటే ఎక్కువ ఆడింది. తర్వాత రావడం మానేశాడు.

నేను కత్తిరించి పారేసిన రెండున్నర నిమిషాల్లో ఏముందో మీకు చెప్పాలి. స్టేషన్ల తర్వాత ఆయన ఇంకో ప్రకటన చేసేవాడు. “స్నానము చేయు ప్రయాణికులకు గమనిక. మూడవ మెట్టు దాటి దిగరాదు. అచట లోతు ఎక్కువ. పిల్లల చెయ్యి వదలరాదు.” ఇది రెండు మూడు సార్లు, అటు తిరిగి ఒకసారి, ఇటు తిరిగి ఒకసారి. 2017 నవంబర్‌లో ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర పడవ బోల్తా పడి ఇరవై మందికి పైగా పోయారు కదా, ఆ తర్వాత నుంచే ఆయన ఈ ప్రకటనలు మొదలుపెట్టాడని అక్కడ చెరుకురసం బండి అతను నాకు అప్పుడే చెప్పాడు. విన్నా. విని కూడా కత్తిరించా. ఎందుకంటే ఆ ముక్కలో నవ్వు లేదు, జాగ్రత్తలు చెప్పే మనిషి ఎవరికి ముద్దు?

పడవా, రైలూ కలిపి మాట్లాడే ముసలాయన వింత. జనం వింటారని తెలిసి, అందుకే రైలు గొంతు ఎత్తుకుని, వాళ్లు నవ్వుతూ తన వైపు తిరగ్గానే అసలు సంగతి చెప్పే ముసలాయన తెలివైనవాడు. నేను వింతని ఉంచుకుని తెలివిని కోసేశా. డాక్యుమెంటరీ తీసినవాడిని కాను, పోస్టుమార్టం చేసినవాడిని.

ఇన్నాళ్లూ ఇది ఎక్కడా రాయలేదు. గత నెల స్వాతి థియేటర్ సెంటర్లో టీ కొట్టు దగ్గర ఆయన కనపడ్డాడు. బాగా వడిలిపోయాడు. ఇక్కడ ఆయన ఏదో గొప్ప మాట అంటాడని ఎదురు చూడకండి, అనలేదు. నేనే వెళ్లి, ఆ వీడియో తీసింది నేనే తాతా అని చెప్పా. తిడతాడనుకున్నా.

“నువ్వా? సగం తీశావేం?”

“మిగతాది కూడా తీశా తాతా. కోసేశా.”

“ఉందా?”

“లేదు. ఫోన్ మారింది.”

టీ తాగడం పూర్తయ్యేదాకా ఏమీ మాట్లాడలేదు. తర్వాత గ్లాసు పెట్టేసి, మళ్లీ తీస్తావా అని అడిగాడు. తీస్తానన్నా. ఎంతిస్తావన్నాడు. ఎంత కావాలి తాతా అన్నా. ఓ అంకె చెప్పాడు. నేను అనుకున్నదానికంటే ఎక్కువే. సరే అన్నా.

మర్నాడు సాయంత్రం ఘాట్ దగ్గరికి ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. గడ్డం గీయించుకున్నాడు. ముందు డబ్బులు లెక్కపెట్టుకుని జేబులో పెట్టుకున్నాడు. నేను పోయినసారి నిలబడ్డ చోటే నిలబడి ఫోన్ పైకెత్తా.

“అక్కడ కాదు బాబూ. నీళ్లు కనపడవు. ఇటు పక్కకి రా. మెట్లు పడాలి, మూడో మెట్టు పడాలి.”

వెళ్లా. కొంచెం కిందకి దించమన్నాడు. దించా. ద్వీపం వైపు చూశాడు, పడవ ఇంకా రాలేదు. అప్పుడే నొక్కమాకు, బ్యాటరీ అయిపోద్ది అన్నాడు.